తప్పు వేషం

"ఆ గొంతు నీది కాదని చెప్పు స్వర్ణా. ఒక్కసారి చెప్పు, చాలు."

చినబాబు డ్యూటీ బట్టల్లోనే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రాత్రంతా గూడ్సు బండి నడిపి వచ్చిన మనిషి, మొహం కూడా కడుక్కోలేదు. కాలర్ మీద ఇనుపరాతి దుమ్ము ఎర్రగా పేరుకుని ఉంది. చేతిలో ఫోను పట్టుకుని ఉన్నాడు.

స్వర్ణ ఫోను వైపు చూడలేదు. ఆ వీడియో పొద్దుటి నుంచి చూసి చూసి ఆమె కళ్ళు మండుతున్నాయి.

"నాదే," అంది.

"నీదేనని నాకు తెలీదా? నీతో పదేళ్ళు కాపరం చేసినోణ్ణి. మధ్యాహ్నం పోలీసు థానాలో ఏం చెప్తావో అడుగుతున్నాను. ఈ రోజుల్లో ఏ గొంతునైనా కంప్యూటర్లో చేసేస్తున్నారట. అదే చెప్పు."

"అబద్ధం చెప్పమంటారు."

"బయట పడమంటాను!"

వంటింట్లోంచి అత్తగారు గురమ్మ గొంతు ఖంగున లేచింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్లేదర్రా! ఆ జవాబుల క్లాసుకి ఎల్లొద్దని నాను మొత్తుకోనేదా? ఇప్పుడు ఊరూవాడా మన కొంపకేసే సూస్తన్నాది. పాలోడు కూడా గుమ్మంలో పేకట్టు ఇసిరేసి ఎలిపోనాడు."

వీడియో అర నిమిషం కూడా లేదు. చర్చి హాల్లో నీలం రంగు కిటికీ ముందు ఇద్దరు ఆడవాళ్ళు. తల దించుకుని కూర్చున్నది హిడ్మే, క్లాసుకి వచ్చే కొండ కింద ఊరి గోండు పిల్ల. ఎదురుగా స్వర్ణ. బడిలో హిందీ చెప్పే టీచరు కాబట్టి స్వర్ణ హిందీ తేటగా వినిపిస్తుంది. 'చర్చికి రా. ఇంటికి బియ్యం పంపిస్తాం. మీ అమ్మవారికి కోడిని కొయ్యడం మానెయ్. నీ కొడుకు జ్వరం మాయమైపోతుంది. రాలేదనుకో, ఏమౌతుందో నీకే తెలుసు.'

అంతే. అక్కడ తెగిపోయింది.

తెల్లారేసరికి ఇనుపరాతి గనుల ఊరు కిరందుల్ అంతా పాకింది. బడి నుంచి ఫోను వచ్చింది, ఇవాళ రావద్దని. ఆశ చూపి, భయపెట్టి మతం మారుస్తున్నారని ఎవరో ఫిర్యాదు ఇచ్చారు. ఇద్దరు ఆడవాళ్ళనీ మూడింటికల్లా థానాకి రమ్మని కబురు. కేసు కడితే జైలే.

"అది వేషం," స్వర్ణ మళ్ళీ అంది. పొద్దుటి నుంచి ఎన్నిసార్లందో. "క్లాసులో అందరం కట్టాం. ముందు తప్పు వేషం, తర్వాత ఒప్పు వేషం. మీరూ ఉన్నారు కదండీ ఆ రోజు?"

"ఉన్నాను. ఒప్పు వేషం ఏదీ? చూపించు. ఈ ముక్క తీసినోడి దగ్గర మిగతా ముక్క ఉంటది. అది లేకపోతే నువ్వన్నది వేషమని ఎవడు నమ్ముతాడు?"

అదీ సంగతి. ఆ మిగతా ముక్క ఎవరి దగ్గరుందో మూడింటిలోగా తేలాలి.

వరండాలో కుర్చీ కిర్రుమంది. తాతబాబు లేచాడు. రైల్వేలో ట్రాక్ మేటుగా చేసి రిటైరైన మనిషి, చర్చికి పెద్ద. కోడలి మీద ఏనాడూ గొంతెత్తి ఎరగడు.

"అమ్మా స్వర్ణా," అన్నాడు మెల్లగా. "అబద్ధం చెప్పొద్దు. నిజమే చెప్దాం. విశాఖ నుంచి వచ్చిన ఆ అవినాష్ మీచేత అలా అనిపించాడు. మనకి తెలీదు, అమాయకులం, చెప్పమన్నట్టు చెప్పాం. అది నిజమే కదా?"

"అనిపించింది తప్పని చూపించడానికి, మావయ్యా."

"అది వాడు చెప్పుకుంటాడు. వాడికి విశాఖ ఉంది. నీకు ఈ కాలనీయే ఉంది."

ఆ మాట విన్నప్పుడు స్వర్ణకి మొదటిసారి అనుమానం తగిలింది. మావయ్య మాట మీద కాదు, అవినాష్ మీద. నిజమే, అతని గురించి తమకేం తెలుసు? నెల రోజుల కిందట ఒక బ్యాగుతో దిగాడు. ఎదుటివాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పడం నేర్పిస్తానన్నాడు. మీ దేవుడు పరాయి దేవుడు కదా అంటే ఏమనాలి, బియ్యం కోసం మారారా అంటే ఏమనాలి, దేవుడు మంచివాడైతే మా అమ్మకి క్యాన్సర్ ఎందుకొచ్చిందంటే ఏమనాలి. చెప్పడం కంటే వినడం ముందు నేర్పాడు. 'జవాబు తెలియకపోతే తెలియదనండి, కప్పిపుచ్చొద్దు' అన్నాడు. కానీ హాల్లో వేషాలు కట్టించింది కూడా అతనే.

అతని పేరు అనుకుంటుండగానే గేటు చప్పుడైంది.

* * *

"వందనాలు పెద్దయ్యగారూ," అన్నాడు అవినాష్ చెప్పులు విడుస్తూ.

తాతబాబు కుర్చీ చూపించలేదు. గురమ్మ మంచినీళ్ళు కూడా అడగలేదు. వాకిట్లోకి వచ్చిన మనిషికి నీళ్ళు ఇవ్వకపోవడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

"మిగతా వీడియో ఏదీ?" చినబాబు సూటిగా అందుకున్నాడు.

"నేను తీయలేదు బ్రదర్. నన్నూ థానాకి పిలిచారు. వెళ్ళేముందు స్వర్ణ సిస్టర్‌తో ఒక మాట..."

"తీయకపోతే ఎలా వచ్చింది? ఆకాశం నుంచి ఊడిపడిందా? మా ఆడదాన్ని నడిబజార్లో నిలబెట్టి ఇప్పుడు మాటొకటి చెప్తాడట!"

"చినబాబూ," అన్నాడు తాతబాబు. "అడగనియ్యి. అవినాషూ, నలభై ఏళ్ళుగా ఈ కొండల్లో మేం పాట పాడి, ప్రార్థన చేసి మనుషుల పక్కన నిలబడ్డాం. ఎవరితోనూ వాదించలేదు. ఎవరూ మా మీద కేసు పెట్టలేదు. నువ్వు నెల్లాళ్ళు వాదన నేర్పావు. ఇదిగో, కేసు."

"వాదన కాదండీ. ఆశ పెట్టకండి, భయపెట్టకండి, ఎదుటివాళ్ళ దేవుణ్ణి తిట్టకండి, అదే నేర్పాను. తప్పు మన నోటితో ఒకసారి పలికితేగానీ, రేపది నిజంగా మన నోటికొస్తే గుర్తుపట్టలేం."

"బాగా గుర్తుపట్టేసింది ఊరంతా," అన్నాడు చినబాబు.

స్వర్ణ అవినాష్ మొహాన్నే చూస్తోంది. అడగాల్సింది ఒక్కటే ఉంది. అడిగి ఊరుకోవాలి. అవతలి మనిషి మౌనాన్ని మనం నింపకూడదని అతనే నేర్పాడు. ఇప్పుడది అతని మీదే వేసింది.

"ఆ రోజు మీ ఫోను ఎక్కడుంది, బ్రదర్?"

అని ఊరుకుంది.

అవినాష్ తడబడలేదు. "తలుపు దగ్గర బుట్టలో. మీ అందరి ఫోన్లతో పాటు. నా మాట నమ్మకండి సిస్టర్. వీడియో మళ్ళీ పెట్టండి. మీ మొహం చూడకండి, పక్కన చూడండి."

స్వర్ణ చినబాబు చేతిలోంచి ఫోను తీసుకుంది. పొద్దుటి నుంచి ఆమె తన మొహాన్నే చూసుకుంటోంది. ఇప్పుడు అంచులు చూసింది. ఎడమ అంచున ఒక మోచెయ్యి, చాక్‌పీస్ పట్టుకున్న వేళ్ళు. ఆ చేతికి నల్ల పట్టీ గడియారం.

అవినాష్ తన చెయ్యి ముందుకు చాపాడు. అదే గడియారం.

బొమ్మలో ఉన్నవాడు బొమ్మ తీయలేడు.

"ఇంకోటి," అన్నాడతను. "వెనకాల కిటికీ. అది మగాళ్ళ వైపుది."

వివరించి చెప్పక్కర్లేదు. ఆ హాల్లో మగాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు. మధ్యలో నడవ. ఆరాధనైనా, క్లాసైనా, పెళ్ళైనా ఇటువాళ్ళు అటు దాటరు. వెనకాల మగాళ్ళ కిటికీ కనబడుతోందంటే ఫోను ఆడవాళ్ళ చాపల మీద ఉంది.

తాతబాబు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "నేను ముందెళ్ళి ఇన్‌స్పెక్టరుతో మాట్లాడతాను. పెద్దోణ్ణి, నా మాట వింటాడు. నువ్వూ రా అవినాషూ. ఆడవాళ్ళ మీద నేరం తొయ్యడం తర్వాత."

ఆయన అంత తొందరగా మెట్లు దిగడం స్వర్ణ ఎప్పుడూ చూడలేదు.

* * *

పెరటి తలుపు దగ్గర హిడ్మే నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. లోపలికి రమ్మంటే రాలేదు. ఎప్పుడూ వచ్చేది.

"దీదీ, సచ్ బోలో, నిజం చెప్పు," అంది. ఆమె మాటల్లో తెలుగూ హిందీ ఎప్పుడూ కలిసే ఉంటాయి. "ఆ వీడియో నువ్వు పంపలేదు కదా?"

స్వర్ణకి చెంప మీద కొట్టినట్టయింది. "నేనా? నన్ను నేనే పట్టిచ్చుకుంటానా?"

"మా గావ్‌లో అంటున్నారు. ఎంతమందిని చర్చికి తెచ్చిందో మీ పైవాళ్ళకి చూపించడానికి టీచరమ్మ తీయించింది అని. నేను కాదన్నాను. కానీ దీదీ, ఆ రోజు హాల్లో మా ఊరివాళ్ళు ఒక్కరు లేరు. అంతా మీవాళ్ళే. మీవాళ్ళే తీశారు."

స్వర్ణ గుమ్మం దాటి పెరట్లోకి దిగింది.

"శామ్‌కి, పొద్దుగూకేసరికి, ఊళ్ళో పెద్దల బైఠక్. నా సామాన్లు బయట పెడతారట. నా కొడుక్కి జ్వరమని వేషంలో అన్నాను కదా, నాకసలు పెళ్ళే కాలేదని అందరికీ తెలుసు. అయినా నమ్ముతున్నారు. పెళ్ళి కాకుండా కొడుకెక్కడిదే అని నవ్వుతున్నారు కూడా." హిడ్మే కూడా నవ్వబోయింది. నవ్వు సగంలోనే చెదిరింది. "అమ్మ నడవలేదు. ఎత్తుకుని ఎక్కడికెళ్ళను?"

"లోపలికి రా హిడ్మే. కొంచెం అన్నం..."

"వద్దు. నేను నడిచి థానాకి పోతున్నా. నువ్వు వస్తావు కదా? నువ్వు రాకపోతే అది వేషమని నేనొక్కదాన్ని చెప్తే ఎవరు వింటారు?"

"వస్తాను."

హిడ్మే ఆ మాటని నమ్మాలా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత గోడ వారగా వెళ్ళిపోయింది. ఆమె కాళ్ళ వెంట ఎర్రమట్టి లేచింది.

* * *

స్వర్ణ వీడియో మళ్ళీ పెట్టింది. ఈసారి కింది అంచు చూసింది. నేల మీద మెరుస్తున్నదేదో ఉంది. పళ్ళెం. అందులో స్టీలు గ్లాసులు.

టీ గ్లాసులు.

చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ఫోన్లు బుట్టలో పెట్టే వచ్చారు. కానీ టీ తెచ్చిన మనిషి క్లాసు మనిషి కాదు. వెనక తలుపు నుంచి వచ్చింది. బుట్ట ముఖమే చూడలేదు.

గురమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. పొద్దున్న ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది.

స్వర్ణ ఎదురుగా కూర్చుంది. "అత్తమ్మా, ఆ రోజు టీ ఇచ్చాక మీరు ఎక్కడ కూర్చున్నారు?"

గురమ్మ ఏరుతూనే ఉంది. స్వర్ణ ఇంకో మాట అనలేదు. బయట ఖనిజం బండి కూతవేసి, పెట్టె వెనక పెట్టెగా దడదడలాడుతూ పోయింది.

గురమ్మ చేట పక్కకి నెట్టింది.

"నానేటి దొంగతనం సేసినానా?" అంది. గొంతులో పొద్దుటి ఖంగు లేదు. "నువ్వు యేసం కట్టినావు. ఎంత బాగా కట్టినావే! క్రిస్మస్‌కి నాటకాలాడే ఆ సుశీల నీ కాలిగోటికి సరిపోదు. నా కోడలని పక్కనున్నోల్లకి సెప్పుకున్నాను. ఫోను రొంటినే ఉన్నాది, తీసినాను. మొత్తం తీసినాను, నువ్వు రెండోపాలి మంచిగా సెప్పింది కూడా. 'జొరమైతే ఆస్పత్రికి ఎల్దాం, నాను తోడొస్తాను. దేవుడి సంగతి నువ్వడిగితేనే సెప్తాను' అన్నావే, అది. అందరూ నవ్వి సప్పట్లు కొట్టింది కూడా."

స్వర్ణ ముందుకు వంగింది. "ఉందా? ఆ వీడియో ఉందా మీ దగ్గర? పొద్దుటి నుంచి చెప్పలేదేం అత్తమ్మా!"

"ఫోనులో సోటు లేదని తీసేసినాను. నాకు బయమేసింది గుంటా. పోలీసులంటన్నారు, కేసంటన్నారు..."

"ఎవరికైనా పంపారా?"

గురమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. వీధి గుమ్మం వైపు చూసింది. అక్కడ చినబాబు మోటారుసైకిలు స్టార్టు చేస్తున్నాడు.

"నీ పెనిమిటికి. వాడికొక్కడికే. మరెవులికీ పంపనేదు, నా బిడ్డ మీద ఒట్టు."

* * *

బండి క్వార్టర్లు దాటింది. స్వర్ణ వెనక కూర్చుని భర్త మెడ వైపు చూస్తోంది. పదేళ్ళుగా ఆ భుజం పట్టుకుని ఎక్కే మనిషి, ఇవాళ సీటు వెనక ఇనుప కమ్మీ పట్టుకుంది.

మార్కెట్ దగ్గర థానా దారి ఎడమకి. బండి కుడికి తిరిగింది.

"ఎక్కడికి?"

"స్టేషన్‌కి. విశాఖ బండి సిద్ధంగా ఉంది, గార్డు మనోడే. విజీనారంలో పిన్ని ఇంటికి వెళ్ళిపో. నాలుగు రోజుల్లో అంతా సద్దుమణుగుతుంది."

"హిడ్మే అక్కడ కూర్చుని ఉంది."

"హిడ్మే సంగతి హిడ్మే చూసుకుంటాది."

"బండి ఆపండి."

ఆపలేదు. స్వర్ణ కాళ్ళు కిందికి దించింది. చెప్పు రోడ్డుకి రాసుకుని గీరుకుపోయి తెగింది. చినబాబు బెదిరి బ్రేకు వేశాడు. పక్కన ఇప్పపువ్వు గంప పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ తల ఎత్తి చూసింది.

"పిచ్చెక్కిందా?"

"అత్తమ్మ మీకు పంపిన వీడియో మీ ఫోన్లో ఉందా, లేదా?"

చినబాబు తల దించుకుని ఇంజను ఆపేశాడు. పొద్దున్న అరిచిన మనిషీ, గొంతు నీది కాదని చెప్పమన్న మనిషీ ఇతనేనా అనిపించింది.

"ఉంది," అన్నాడు.

"మొత్తం?"

"మొత్తం."

"పొద్దుటి నుంచి మీ చేతిలో ఉంది. నన్ను బయటపడెయ్యగలిగింది మీ చేతిలోనే ఉంది. మిగతా ముక్క ఏదీ, చూపించమని నన్నే గద్దించారు." ఆమె గొంతు లేవలేదు. అందుకే అతనికి భయమేసింది. "ఎవరికి అమ్ముకున్నారండీ నన్ను?"

"అంత మాటనకు స్వర్ణా! నాన్న అడిగారు. ఆ అవినాష్ ఏం నేర్పుతున్నాడో సంఘపెద్దలకి చూపించాలన్నారు. వాణ్ణి ఈ కొండ దింపించెయ్యాలన్నారు. తప్పు వేషం ఒక్కటీ కత్తిరించి ఇమ్మన్నారు, ఇచ్చాను. నీ మీదకొస్తుందని నాన్నా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. నలుగురు పెద్దల ఫోన్లలో పడింది. అక్కడి నుంచి ఏ దారిన పోయిందో దేవుడికే తెలియాలి."

కండువా దులుపుకుని తొందరగా మెట్లు దిగిన మావయ్య స్వర్ణ కళ్ళ ముందు కదిలాడు.

"మొత్తం వీడియో చూపిస్తే నువ్వు బయటపడతావు," అన్నాడు చినబాబు. "కత్తిరించిందెవరని నన్ను అడుగుతారు. ఎవరు కత్తిరించమన్నారని అడుగుతారు. నా ఉద్యోగం పోతుంది. నాన్న ఈ వయసులో..." మిగతాది మింగేశాడు.

స్వర్ణ బండి దిగింది. తెగిన చెప్పు అక్కడే వదిలేసి థానా వైపు నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి వెనక నుంచి బండి చప్పుడు వినిపించింది. ఆమె తిరిగి చూడలేదు. బండి ఆమెని దాటి పోలేదు, పక్కనే మెల్లగా నడిచింది.

* * *

థానాలో ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం లేదు. అవినాష్ బల్ల మీద కూర్చున్నాడు, పక్కన ఒక కానిస్టేబులు. గోడ వారగా నేల మీద హిడ్మే. స్వర్ణని చూసి ఆమె సగం లేచి మళ్ళీ కూర్చుంది.

ఇన్‌స్పెక్టరు ఎదురు కుర్చీలో తాతబాబు ఉన్నాడు.

"రా అమ్మా," అన్నాడు ఆయన. "అంతా చెప్పేశాను. ఆడపిల్లల తప్పేం లేదని, ఆ కుర్రాడే అనిపించాడని. సారు ఒప్పుకున్నారు. నువ్వు ఔనంటే చాలు, హిడ్మేతో సహా ఇంటికి వెళ్ళిపోవచ్చు."

ఇన్‌స్పెక్టరు హిందీలో అడిగాడు. "మీ మామగారు చెప్పింది నిజమేనా మేడం? ఈ మనిషే మీచేత ఇది చేయించాడా?"

ఒక్క మాట చాలు. ఔనంటే తను ఇంటికి, హిడ్మే ఊరికి, మావయ్య చర్చికి. అవినాష్ మాత్రం లోపలికి. అతను ఆమె వైపు చూడటం లేదు. చూస్తే ఆమె మీద బరువు పడుతుందని కాబోలు.

కానీ హిడ్మే ఏ ఊరికి వెళ్తుంది? బియ్యం ఆశ చూపి మతం మార్పించిన మాట నిజమేనని స్టాంపు పడ్డాక, ఏ బైఠక్ ఆమెని ఇంట్లో ఉండనిస్తుంది?

"సార్, అది వేషం," అంది స్వర్ణ. "అలా చెయ్యకూడదని నేర్చుకోవడానికి కట్టిన వేషం. దాని వెనక ఇంకో సగం ఉంది. ఆ సగం చూడకుండా ఎవరి మీదా ఏదీ రాయకండి."

"ఎక్కడుంది?"

తాతబాబు కుర్చీని బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

స్వర్ణ వెనక్కి తిరిగింది. చినబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆమె అతని చొక్కా జేబులోంచి ఫోను తీసి, ఇన్‌స్పెక్టరు బల్ల మీద పెట్టింది. తెర నల్లగా ఉంది. దాని తాళం అతని వేలికి తప్ప తెరుచుకోదు.

"తియ్యండి," అంది భర్తతో.

చినబాబు తండ్రి వైపు చూశాడు. తాతబాబు కూడా కొడుకునే చూస్తున్నాడు. తల అడ్డంగా ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. నలభై ఏళ్ళు చర్చిలో మోకాళ్ళూనిన మనిషి పెదవులు మాత్రం చప్పుడు లేకుండా కదులుతున్నాయి. అది ప్రార్థనో, కొడుక్కి చెప్తున్న మాటో స్వర్ణకి తెలియలేదు.

చినబాబు బల్ల దగ్గరికి వచ్చాడు. వేలు చాపాడు.

గాజు మీద ఆనకుండా ఆ వేలు అక్కడే ఆగిపోయింది.